కోత పండుగకు ఐదు పచ్చికాయలు

పెళ్లయిన కొత్తలో, బొల్లారంలో ఒక మందుల కంపెనీలో కెమిస్టుగా కుదురుకుంటున్న ఆ రోజుల్లో, నాకు తెలియని సంగతంటూ ఉండదని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఆ నమ్మకం ఇప్పుడు మా ఆవిడకు బదిలీ అయింది.) అంతటి నా పరువు జోగిపేట దగ్గర పిల్లనిచ్చిన మామ వాళ్ల ఊరి చర్చిలో, కోత పండుగనాడు పోయింది. ఆ పండుగకు ఎవరి చేతి పంట వాళ్లు తెచ్చి ముందున్న బల్ల దగ్గర పెడతారు. నేను పటాన్‌చెరు మార్కెట్లో కొన్న టమాటలు పెట్టాను. సేద్యం చేసే మామ ఒక పండు తీసి, తిప్పి చూసి, మళ్లీ బుట్టలో పెట్టాడు. ఏదైనా అన్నా బాగుండేది. వచ్చే ఏడు నా చేతి పంటే తెస్తానని అందరి ముందూ అనేశాను.

మా కిరాయింటి డాబా మీద ఆరు పెయింటు బకెట్లకే చోటుంది. నర్సరీ అతను టమాటలో రెండు రకాలు చూపించాడు. ఒకటి నడుమెత్తున ఆగిపోయి, కాయలన్నీ ఇంచుమించు ఒకేసారి ఇచ్చే పొట్టి రకం. రెండోది ఆగకుండా పాకుతూ నెలల తరబడి కాసే తీగ రకం. మామకు ఫోన్ చేశాను.

"పొట్టిది పెట్టు బిడ్డా. పండుగనాటికి గంపెడు కావాలె గదా నీకు, ఒక్కపారే వస్తది."

నాకు నచ్చలేదు. ఫ్యాక్టరీలో రోజంతా బ్యాచ్‌లతోనే చావు. నింపు, వండు, దింపు, కడుగు, మళ్లీ నింపు. ఇంట్లోనూ బ్యాచేనా? ఆగకుండా నడిచే ప్రాసెసే గొప్పదని తీగ రకం తెచ్చాను.

అది నిజంగానే ఆగలేదు. కర్రలు దాటింది, బట్టల దండెం పట్టుకుంది, డిష్ యాంటెన్నాను చుట్టేసింది. (ఇంటి ఓనరమ్మ సీరియల్ ఆగిపోయిన రోజు నేను కావాలనే ఓవర్‌టైం చేశాను.) ఆకులే తప్ప కాయ లేదు. షిఫ్టుకు ముందొకసారి, తర్వాత రెండుసార్లు మెట్లెక్కేవాణ్ణి. అన్నం మధ్యలో చేయి కడుక్కుని మరీ ఎక్కేవాణ్ణి. కంపెనీ అలవాటు కొద్దీ లాగ్‌షీటు కూడా రాశాను: ఎత్తు, పూలు, సంతకం. అది చూసి మా ఆవిడ, "గీడ 'చెక్డ్ బై' ఖాళీ ఉన్నది, నేను జెయ్యాల్నా?" అంది.

పండుగ ఆదివారానికి తీగంతా కలిపి కాయలు ఐదు. ఐదూ పచ్చివే. మామ వాళ్ల ఊరికి వెళ్తుంటే, సంగారెడ్డిలో కూరగాయల దుకాణాల ముందు నా బండి దానంతటదే నెమ్మదించింది.

"ఆపకుండ్రి. మా నాయిన మళ్ల తిప్పి సూస్తడు," అంది వెనక నుంచి మా ఆవిడ. ఆపలేదు.

గుమ్మడికాయలు, జొన్న కంకుల మధ్య నా ఐదు కాయలు గోలీల్లా దొర్లాయి. మామ వచ్చి, ఒకటి తీసి, తిప్పి తిప్పి చూశాడు.

"పొట్టిది పెట్టుమన్న గదా," అన్నాడు. కాయను మిగతా నాలుగింటి పక్కన పెడుతూ, "అయినా, ఇది నీ చేతిదే," అన్నాడు.

ఆరాధన అయ్యాక, బల్ల దగ్గర పెట్టిన పంటలన్నీ వేలం వేస్తే, నా కాయలకు చెయ్యెత్తింది ఆయనొక్కడే. (పోటీకి రావాలన్న ఆలోచన ఊళ్లో ఎవరికీ కలగలేదు.) పది రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. "కిటికీల పెట్టిన, ఒకటి పండింది అల్లుడా. జెర పుల్లగున్నది గానీ, మంచిగున్నది."

ఇప్పుడు ఐదు బకెట్లలో బుద్ధిగా పొట్టి రకమే పెడతాను. ఆరోదాంట్లో మాత్రం తీగ. మోకాళ్లు రోజుకు ఒక్కసారే మెట్లెక్కనిస్తున్నాయి. అయినా అన్నం మధ్యలో ఒక్కోసారి చేయి ఆగిపోతుంది, పైన పూత నిలిచిందో లేదోనని. మా ఆవిడ చేతికి నీళ్లచెంబు అందిస్తుంది.