కాఫీ గిర్నికి పట్టిన తుప్పు

మోటర్లు బాగుచేసే ఆ పెద్దమనిషిని నలుగురిలో దొంగ అన్నది నేనే. ఎందుకన్నానో, అన్న తర్వాత ఏమైందో చెప్తాను. నాకు రాత అంతగా రాదు. పేరు రాస్తాను, బోర్డులైతే కూడబలుక్కుని చదువుతాను. అందుకని నోటితోనే చెప్తున్నాను, చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను.

మాది కాజీపేటలో రైల్వే క్వార్టర్ల వైపు పోయే సందులో కాఫీ పొడి దుకాణం. ఇక్కడి వాళ్లంతా చాయ తాగేవాళ్లే. రైలు ఉద్యోగాల మీద అరవ దేశం నుంచి వచ్చిన ఇళ్లలో మాత్రం పొద్దున లేస్తే కాఫీ డికాక్షన్ దిగాల్సిందే. వాళ్లను నమ్ముకునే మా ఆయన గిర్ని కొన్నాడు. పిండి గిర్ని లాంటిదే, కానీ చిన్నది. పైన గింజలు పోసే నోరు, లోపల రెండు ఇనుప ప్లేట్లు, పక్కన మోటరు. ప్లేట్ల మధ్య గింజ నలిగి కింద పొడి పడుతుంది. ఆయన దాన్ని ఎన్నడూ తడిబట్టతో కూడా తుడవలేదు. శనివారం శనివారం గుప్పెడు బియ్యం పోసి తిప్పేవాడు. లోపల పట్టిన జిడ్డంతా ఆ బియ్యప్పిండే పట్టుకొచ్చేది. మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుపోతే, చేతులు తడిగా ఉన్నాయేమోనని నన్ను గడప దగ్గరే ఆపేవాడు. గిర్నికి నీళ్లంటే విషం అనేవాడు.

ఆయన ఎండాకాలం చివర పోయాడు. గిర్ని ముందు స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. నేను పోయేసరికి గిర్ని ఇంకా తిరుగుతూనే ఉంది. లోపల గింజలు అయిపోయి ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్న చప్పుడు. ఎవరో స్విచ్ ఆపారు.

ప్రాణం పోయింది దుకాణంలో కాబట్టి మైల దుకాణానికి కూడా ఉందన్నారు. పదకొండో రోజు ఇల్లు కడిగినాక మా పెద్ద ఆడబిడ్డ అందరినీ అక్కడికి నడిపించింది. నేల కడిగారు, డబ్బాలు కడిగారు, తూకం రాళ్లు కూడా కడిగారు. గిర్నిని మాత్రం ఎవరూ ముట్టలేదు. పోయేటప్పుడు ఆయన చేయి దాని మీదే ఉందట. భార్యవు నువ్వే కడగాలని ఆడబిడ్డ పసుపు నీళ్ల బకెట్ నా ముందు పెట్టింది. వేపమండతో పైన చల్లితే చాలదంది. లోపల కూడా పొయ్యి, లేకపోతే ఆ మైల పొడిలో కలిసి నలుగురి ఇళ్లకు పోతుందంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆయన మాట నాకు ఆ క్షణంలో గుర్తుకొచ్చింది. కానీ పది మంది చూస్తుండగా, పదకొండు రోజుల విధవను, దీనికి నీళ్లు తగలొద్దని ఎట్లా అంటాను? రెండు చెంబులు పోశాను. పైపైన కొంగుతో తుడిచాను. తలుపు వేశాం.

ఆ సాయంత్రమే నన్ను నిద్రలకు తీసుకుపోయారు. మనిషి పోయిన ఇంటి ఆడదాన్ని చుట్టాల ఇళ్లలో నిద్ర చేయించి తేవడం మాలో ఆనవాయితీ. పరకాల దగ్గర మా తల్లిగారింటికి మూడు రాత్రులకని పోయినదాన్ని, జ్వరం పట్టి నలభై రోజులున్నాను. ఆ నలభై రోజులూ వానలే. వచ్చి దుకాణం తీస్తే ఇనుము కుళ్లిన వాసన. స్విచ్ వేస్తే మోటరు మూలిగింది తప్ప గిర్ని తిరగలేదు.

ఆటోలో వేసుకుని వరంగల్ స్టేషన్ వెనక ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. మా ఆయన ఎప్పుడూ ఆయన దగ్గరికే పోయేవాడు. ఆ మెకానిక్ నన్ను చెల్లె అనేవాడు. చేత్తో తిప్పి చూసి, బేరింగ్ పోయింది, పద్దెనిమిది వందలవుతాయి, లోపల విప్పితే గాని మిగతాది తెలియదన్నాడు. విప్పబోయే ముందు ఒక్కటే అడిగాడు.

"నీళ్లేమన్న తగిలినయా చెల్లె?"

"చుక్క తగల్లే అన్నా."

తగిలినయంటే రేటు పెంచుతాడన్న భయం సగం. మిగతా సగం వేరు. ఒప్పుకుంటే మా ఆయన మాటను ఆయన పోయిన పదకొండో రోజే కాలదన్నానని నా నోటితో నేనే చెప్పినట్టవుతుంది.

రెండు వారాలకు పోతే నాలుగు వేల రెండు వందలన్నాడు. ప్లేట్లు మార్చాడట, ఇరుసు మార్చాడట. నా దగ్గర పద్దెనిమిది వందలు, పైన ఆటో కిరాయి ఉన్నాయి. గిర్ని లేకపోతే నాకు దుకాణం లేదు. అప్పటికే క్వార్టర్ల వాళ్లు ఫోన్లలో ప్యాకెట్లు తెప్పించుకుంటున్నారు. ఇంకో నెల పోతే నా గుమ్మం తొక్కేవాళ్లు ఉండరు. మెకానిక్ దుకాణం ముందు చిల్లుల రేకు కింద నాలుగైదు పాత మోటర్లు వానకు తడుస్తున్నాయి. వాటిని చూడగానే నాకు దారి దొరికినట్టయింది. నా గిర్నిని కూడా ఇట్లాగే వానలో పడేశావు, ఈ తుప్పు నీ దగ్గర పట్టిందే అన్నాను. లోపలే పెట్టానన్నాడు. నేను గొంతు పెంచాను. పక్కన చాయ హోటల్లో వాళ్లంతా గ్లాసులు పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"మొగడు లేనిదాన్నని దోస్కుంటాన్నవా? దొంగవు నువ్వు. సచ్చిపోయిన నా మనిషి మీద ఒట్టు, నా కాడ చుక్క నీరు తగల్లే."

ఒట్టు వినగానే జనం నా దిక్కు తిరిగారు. తన కూలర్ మోటరుకు కూడా ఇట్లాగే ఎక్కువ తీసుకున్నాడని ఒకడన్నాడు. విధవ ఉసురు పోసుకోకని చాయ హోటల్ ఆయన అన్నాడు. మెకానిక్ చేతులు తుడుచుకుని నన్ను లోపలికి రమ్మన్నాడు.

లోపల పేపర్లో చుట్టి పెట్టిన పాత ప్లేట్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఎర్రగా పొరలు పొరలుగా తుప్పు. ఆ పళ్ల సందుల్లో గట్టిగా ఎండిన పసుపు. ఒక చోట వేపాకు ముక్క ఇనుముకు అతుక్కుపోయి ఉంది.

"గిది ఇప్పిన నాడే సూసిన," అన్నాడు మెల్లగా. "దినాలకు కడిగిన్రని సమజైంది. అడిగితే నీ పానం కష్టమైతదని ఊకున్న. పైసలు జర మెల్లగ ఇయ్యి, ఫికర్ లేదు. ఆయన మీద ఒట్టు ఎయ్యకపోతే మంచిగుండేది."

ఉన్న డబ్బు బల్ల మీద పెట్టాను. ఆయనే గిర్నిని మోసుకొచ్చి ఆటోలో పెట్టాడు. జనం ఇంకా అక్కడే ఉన్నారు.

"తగ్గిచ్చిండా అక్కా?" అని చాయ హోటల్ ఆయన అడిగాడు.

మెకానిక్ నా పక్కనే ఉన్నాడు, ఆటోకు తాడు కడుతున్నాడు. ఆ చేతులు ఆగాయి. నేను చెప్పబోయే దాని కోసమే ఆగాయని నాకు తెలుసు.

"ఆ, తగ్గిచ్చిండు," అన్నాను.

ఆయన ముడి వేసి లోపలికి పోయాడు.

బాకీ ఐదు నెలల్లో మొత్తం తీర్చాను. పైసా తగ్గించమనలేదు. అయితే ఎవరికి తెలుసు? బజారుకు తెలిసింది ఒక్కటే, అరిస్తే ఆయన సగానికి దిగుతాడని. బాకీ కట్టడానికి పోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు అక్కడ నిలబడి అరుస్తూ ఉండేవాళ్లు. కాఫీ గిర్ని ఆమెకు తగ్గించలేదా అని నా పేరే ఎత్తేవాళ్లు. నేను డబ్బు ఇచ్చి తల వంచుకుని వచ్చేదాన్ని.

మొన్న గిర్ని బెల్టు తెగింది. మళ్లీ అక్కడికే తీసుకుపోయాను. ఆయన దుకాణం సగమే ఉంది, మిగతా సగం ఎవరో సెల్‌ఫోన్ కవర్ల దుకాణానికి కిరాయికి తీసుకున్నారు. ఆయన బాగా చిక్కిపోయాడు. గిర్ని ముట్టకుండా ముందు ఒక చీటీ పెన్నూ నా ముందుకు జరిపాడు. ఇప్పుడు ఎవరు వచ్చినా సామాను విప్పకముందే రాయించుకుంటున్నాడట, నీళ్లు తగిలాయా లేదా అని. అడిగినదాని ఎదురుగా ఖాళీ గీత ఉంది. కూడబలుక్కుని చదివాను. చాలాసేపు పట్టింది గాని, నేనే పోసిన అని రాశాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు.

"ఇది బెల్టు చెల్లె. దీనికి నీళ్లేం తగల్లే."

ఆ చీటీ చించి డబ్బాలో వేసి, కొత్తది ఇచ్చాడు. లేదు అని రాయమన్నాడు. రాశాను. కింద సంతకం పెట్టాను. బెల్టు వేశాడు, డబ్బులు తీసుకున్నాడు, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు.

ఆటో ఎక్కుతుంటే చాయ హోటల్ ఆయన నవ్వుతూ అడిగాడు, ఈసారి ఎంత తగ్గించాడని.

"ఏం తగ్గియ్యలే," అన్నాను. "అప్పుడు గూడ తగ్గియ్యలే. తప్పు నాదే. నీళ్లు నేనే పోసిన."

ఆయన చాయ వడగడుతూ తల అడ్డంగా ఊపాడు.

"మంచిదానివక్కా. గంత చేసినోన్ని గూడ ఎనకేసుకొస్తాన్నవ్."

ఆటో కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే ఆ మాట ఆయన పక్కనున్న వాళ్లకు కూడా చెప్తున్నాడు.