కిరోసిన్ తాడు

గౌడవెల్లి పొలాల మీద డ్రోను మందు కొడుతోంది. నాకు మాత్రం కిరోసిన్ వాసనే వస్తోంది. మా ఈడువాళ్లారా, ఆ తాడు యాదికుందా?

నా చిన్నప్పుడు ఓ యేడు వరికి ఆకుముడత పురుగు పట్టింది. పొద్దున్నే కిరోసిన్‌లో తడిపిన తాడును చెరో కొస పట్టుకొని, నేను, చెల్లె పైరు మీదుగా లాగాం. పురుగులు నీళ్లలో రాలాయి. ఆకులు కాళ్లు కోస్తుంటే చెల్లె ఏడ్చి తాడు వదిలేసింది. నేను వదల్లేదు.

“పెద్దది ఎడ్లకన్న నయం, సక్కగ గుంజుతాంది!” అన్నాడు బాపు. మురిసిపోయి ఇంకా గట్టిగా లాగాను.

సాయంత్రం ప్రార్థనలో పైరు దక్కించమని దేవుణ్ణి అడిగాం. ఆమెన్ అనగానే బాపు, “చిన్నదాన్ని సదివిద్దాం,” అన్నాడు.

“మరి పెద్దది?” అంది మా ముసలి అవ్వ.

“దానికి పొలం పని అచ్చింది గద,” అంది అమ్మ.

నాకు బడి బంద్ అని తేల్చి, నా పుస్తకాల సంచి చెల్లెకిచ్చారు.