గేములో చచ్చిపోయే పిల్లని బతికించాను

మా మేనకోడలు సుజాత రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. కారణం, స్నేహితురాలి దగ్గర్నుంచి తెచ్చుకున్న ఒక గేమ్ సీడీ. ఊళ్ళన్నీ కాలిపోయి, తాగడానికి నీళ్ళు లేక, జనం ఒకరినొకరు దోచుకుని బతికే కథ అది. అందులో ఆడేవాళ్ళు తమ చిన్న చెల్లెల్ని కాపాడాలి. ఎలా ఆడినా ఆ పిల్ల జ్వరంతో చచ్చిపోతోంది.

"పోనీ దినం చేసేద్దాం, గారెలకి పప్పు నానబెట్టండి" అన్నాను నిన్న. సుజాత నిజంగానే ఏడ్చింది. మా ఆవిడ నన్ను కడిగేసింది.

అందుకని ఈ రోజు నేనే కూర్చున్నాను. ఇంగ్లీషు సుజాత చదివి చెబుతుంటే మీటలు నేను నొక్కాను. ఆటలో, సీసాలో పిల్ల కోసం దాచిన గుక్కెడు నీళ్ళే మిగిలాయి. అప్పుడు ఎవరో ముసలావిడ తలుపు కొట్టి దాహమంది.

"తియ్యకు మావయ్యా! బయటున్నోళ్ళంతా దొంగలే. నేనెప్పుడూ తియ్యలేదు."

"గుమ్మంలోకొచ్చి దాహమంటే పొమ్మంటామేంటే? మనది ఏ ఊరనుకున్నావు?"

తలుపు తీసి ఆ నీళ్ళు ఇచ్చేశాను. సుజాత తల పట్టుకుంది. ముసలావిడ నీళ్ళు తాగి, మూట విప్పి, జ్వరం మందు తీసింది. పిల్ల లేచి కూర్చుంది! సుజాత వేసిన కేకకి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆనక పప్పుచారుతో మారు అన్నం కూడా పెట్టించుకుంది.

మీ ఇళ్ళలో ఎవరైనా గేముల్లో చావడానికి సిద్ధంగా ఉంటే కబురు చెయ్యండి, వచ్చి బతికిస్తాను. భోజనం మాత్రం మీదేనండి.