మిరపచేలో గుండ్రటి మచ్చ

నేను డ్రోన్ నడపడం మొదలుపెట్టిన మూడో ఏడు, దసరా వెళ్ళిన వారం. కనిగిరికి ఇవతల ఒక ఊళ్ళో కోటేశ్వరరావు గారనే రైతు తన మిరపచేను చూడమని పిలిచారు. నాటి నెలన్నర కాలేదు, చేను మధ్యలో మొక్కలు గిడసబారి పసుపెక్కుతున్నాయి. రెండుసార్లు మందు కొట్టినా తేరుకోలేదట.

మందు కొట్టే డ్రోన్ వేరు, చేను చూసే డ్రోన్ వేరు. చూసేదానికి మల్టీస్పెక్ట్రల్ కెమెరా ఉంటుంది. మన కంటికి ఆనని వెలుతురును కూడా పట్టి, ఆకు బలంగా ఉన్నచోట పచ్చగా, నీరసించినచోట ఎర్రగా పటం తయారుచేస్తుంది. ఆ రోజు పటం ఇంకా చేతికి రాకముందే నాలుగు మొక్కలు పీకి, పొట్టి వేళ్ళు చూసి, పెద్ద తెలిసినవాడిలా "నారులోనే తేడా ఉన్నట్టుందండీ" అనేశాను. నా నోటికి తొందరెక్కువ.

నేను డ్రోన్ పెట్టెలో సర్దేలోపే, తను నారు తెచ్చిన రమణమ్మ నర్సరీలో ఎవరూ కొనొద్దని ఆయన ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. ఆవిడ దగ్గర షేడ్‌నెట్ కింద ఇంకో విడత నారు అమ్మకానికి ఉంది. వారం దాటితే ముదిరిపోతుంది, ముదిరిన నారు ఎవరూ ముట్టుకోరు.

మర్నాడు పటం చూసి తెల్లబోయాను. ఎర్ర మచ్చ తాడు పట్టి గీసినట్టు గుండ్రంగా ఉంది. దాన్ని ఆనుకుని ముదురు పచ్చటి ముక్క ఒకటి. తెగులు ఇంత గుండ్రంగా రాదు, నారు చెడ్డదైతే చేనంతా చెడాలి. నేలమీద నిలబడితే ఈ ఆకారమే తెలియదు. కోటేశ్వరరావు గారు ఆ పొలం కొని మూడేళ్ళే అయింది, ఆయనకూ అంతుపట్టలేదు. అదే నారు ఇంకెవరు నాటారో అడుగుదామని ఇద్దరం నర్సరీకి వెళ్ళాం.

రమణమ్మ గారికి అరవై దాటి ఉంటాయి. "ఇంకేం మిగిలిందని వచ్చారు?" అంటూ లేచింది. ఫోనులో పటం తెరిచి చేతికిచ్చాను. తిట్టబోయినావిడ పటం మీదికి వంగింది.

"ఇది పాత రైతు కళ్ళం కదయ్యా! జొన్న ఈడే నూర్చేవాళ్ళం. ఏటేటా నేలని దిమ్మిసతో గట్టిపడేట్టు కొట్టి, పేడతో అలికి, ఎడ్లతో తొక్కించేది. ఈ పచ్చగా ఉందే, ఇది పెంటదిబ్బ. నా పెళ్ళయిన కొత్తల్లో నేనే ఈడ తూర్పారబట్టా."

"నాలుగుసాళ్ళు ట్రాక్టరు పెట్టి దున్నించానే!" అన్నారు కోటేశ్వరరావు గారు.

"పైన దున్నావు. అడుగు సంగతేంది?"

గునపం తీసుకుని ముగ్గురం చేనుకి వెళ్ళాం. మచ్చ బయట గునపం మూరెడు దిగింది. లోపల జానెడు దిగి ఠంగుమని ఆగింది. ఎడ్లు లేవు, జొన్న లేదు, నేల మాత్రం ఆ తొక్కుడు ఇంకా మరిచిపోలేదు. నాకు ఎంత సంబరమేసిందో అంత సిగ్గేసింది. అప్పట్నుంచి ఏ చేనుకి వెళ్ళినా, ఇక్కడ ఇంతకుముందు ఏముండేదో ఊళ్ళో అడిగాకే డ్రోన్ లేపుతున్నాను.

అక్కడే నిలబడి కోటేశ్వరరావు గారి ఫోనులోంచి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. "నారులో లోపం లేదండీ. నేనే తొందరపడి చెప్పాను, తప్పు నాది."

రమణమ్మ గారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"ఎవరి నారో చెప్పలేదే? చెడ్డదన్నప్పుడు నా పేరు పెట్టారుగా. ఇప్పుడూ పేరు పెట్టే చెప్పండి."

ఈసారి ఫోను కోటేశ్వరరావు గారు తీసుకున్నారు.