తలుపు బందులతో నిలబెట్టిన తెరచాప

మొన్న మా దీవిలోని మిన్నీ బేలో సునామీ మృతుల సంతాప సభకు వెళ్ళాను. వేదిక మీది పెద్దమనిషి ఒకాయన, ఆ రోజుల్లో అధికారులంతా నిద్రాహారాలు మాని జనం కోసం పరుగులు పెట్టారని చెబుతుంటే వినలేక మధ్యలోనే లేచి వచ్చేశాను. అలా పరుగులు పెట్టినవాళ్ళు లేరని కాదు, ఉన్నారు, వాళ్ళకు దణ్ణం పెడతాను. కానీ నాకు ఎదురైంది వేరు.

అప్పట్లో నేను హాడోలో ఒక సర్కారు వర్క్‌షాపులో పనిచేస్తుండేవాణ్ణి. సముద్రం మా ఇంటిని ఊడ్చుకుపోయి, వీధి తలుపునూ, నాన్న వేటకు వెళ్ళే చిన్న తెరచాప పడవనూ మాత్రం కొబ్బరిచెట్ల మధ్య వదిలేసింది. పడవకు చిల్లు పడలేదు గానీ తెరచాప కొయ్య మొదలును పట్టి ఉంచే ఇనపపట్టీ విరిగిపోయింది. ఉప్పుటేరు అవతలి ఊళ్ళో అక్కా, ఆమె అత్తగారూ చిక్కుకుపోయారు. రోడ్డు మునిగి బస్సులు దారిలో ప్రోతరాపూర్‌లోనే ఆగిపోయాయి. ఆ ఊరి బావులన్నీ ఉప్పుబారాయనీ, ముసలావిడ వాంతులతో మంచం పట్టిందనీ నడుంలోతు నీళ్ళలో పడుతూ లేస్తూ వచ్చిన ఒకతను చెప్పాడు. ఆవిడను ఆసుపత్రికి తేవాలంటే పడవే దిక్కు. ఇంజను పడవలకు డీజిలు లేదు.

విరిగిన పట్టీ పట్టుకుని మా సూపర్‌వైజరు దగ్గరకు పరుగెత్తాను. వెల్డింగు చేస్తే కాసేపటి పని. కానీ నష్టం చూడటానికి ఎవరో పెద్దాయన వస్తున్నాడట, ఆయన నిలబడే వేదికకు రెయిలింగు చేయాలట. ముసలావిడ సంగతి చెప్పినా సూపర్‌వైజరు తల ఎత్తలేదు.

"అరే భాయ్, బడే సాబ్ ఆ రహే హై. పహలే రెయిలింగ్, తేరీ నావ్ బాద్ మే."

మర్నాడూ అదే మాట, పెద్దసారు వస్తున్నాడు, ముందు రెయిలింగు, నీ పడవ తర్వాత అని. మనుషులు తాగునీళ్ళు లేక చచ్చిపోతుంటే మా వెల్డింగు మిషను ఆ పెద్దాయన చెయ్యి ఆన్చుకునే గొట్టాలు అతుకుతూ కూర్చుంది.

మేం తలదాచుకున్న చోటికి వచ్చి చెప్పాను. మళ్ళీ ఇల్లు కట్టుకుంటే పనికొస్తుందని అమ్మ ఆ తలుపును ఎండబెట్టి దాచుకుంది. అంతా విని, నాన్నతో అంది.

"ఇల్లే నేదు, తలుపు సూసుకుంటా కూకుంటామా? బందులు ఇప్పీండి."

నాన్న ఆ ఇనప బందుల్ని కొబ్బరిచిప్పల నిప్పుల్లో కాల్చి, కొయ్య మొదలు చుట్టూ వంచి, బోల్టులతో బిగించాడు. తెల్లవారగానే నీళ్ళ డబ్బాలతో బయలుదేరాం. గాలికి కొయ్య కిర్రుమన్నా బందులు పట్టు వదల్లేదు.

ముసలావిడ ముందటి సాయంత్రమే పోయింది. చివరిదాకా గుక్కెడు మంచినీళ్ళు అడిగిందట.

ఆ పెద్దాయన కారు దిగకుండానే వెళ్ళిపోయాడని, వేదిక ఎక్కనేలేదని తర్వాత తెలిసింది.

ఇప్పుడు రోడ్డు ఎత్తు చేశారు, అక్క వాళ్ళ ఊరికి బస్సెక్కితే ఇట్టే చేరుతాం. తెరచాప ఎత్తి ఏరు దాటేవాళ్ళు మా వైపు ఎవరూ లేరు. అప్పట్లో అధికారుల కుర్చీల్లో ఉన్న మనుషులూ మారిపోయారు. మీరింత ఆలస్యంగా ఎందుకొచ్చారని అక్క ఆ రోజు అడగలేదు, ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఆమె అడగని ఆ మాటను ఎవరినైనా నిలబెట్టి అడగాలని నాకింకా ఉంది. ఎవరిని అడగాలో తెలియకుండానే జుట్టు నెరిసిపోయింది.