ఎవరూ ఆరు వేయని గొంతు

మా బావ గొంతు గురించి ఊళ్లో రెండే మాటలు. "అబ్బ, అదీ పాటంటే" అనేవాళ్లు సగం మంది, "ముందు ఆ మైకు లాగేయండ్రా" అనేవాళ్లు సగం మంది. "ఫరవాలేదు" అన్నవాణ్ణి ఈ ఎనిమిదేళ్లలో ఒక్కణ్ణీ చూడలేదు. పక్కన గిటారు వాయించేది నేనే కాబట్టి ఉంటే కనపడేవాడే.

బావంటే మా అక్క మొగుడు. సామిల్లులో దుంగలు కోసే పని. రంపం అవతలి కొసన పలకలు అందుకునే మనిషొకడు ఉంటాడు. దుంగలో పాత మేకు కనబడ్డా, పలక పక్కకు జరిగినా బావ అరవాలి. ఆ అరుపు రంపం రొదను చీల్చుకుని అవతలివాడి చెవిన పడాలి, ప్రమాదం కంటే ముందే పడాలి. పద్దెనిమిదేళ్లుగా అలా అరిచిన గొంతది. పాటలోనూ అదే వరస. డ్రమ్ము మీద దెబ్బ పడేలోపే, ఓ వెంట్రుకవాసి ముందుగా వచ్చేస్తాడు.

నాకు అర్థమైనంతలో గొడవంతా అక్కడే ఉంది. కేకలేసే రాక్ గాయకులు బోలెడుమంది ఉన్నారు. ఇదిగో వేయబోతున్నానని వాళ్లు ముందే సైగ చేస్తారు, జనం నవ్వుతూ చెవులొగ్గుతారు. బావ సైగ చేయడు. తనను పిలిచాడనుకున్నవాడు లేచి నిలబడతాడు. తనను తిట్టాడనుకున్నవాడు లేచి వెళ్లిపోతాడు. సంగీత జ్ఞానానికీ దీనికీ సంబంధం లేదు. మా అక్క శ్రుతి ఇట్టే పట్టేస్తుంది, అయినా వెళ్లిపోయే జట్టే. "నేను చేసుకున్నది మనిషిని, గొంతును కాదు" అంటుంది.

ఎనిమిదేళ్లుగా మా బ్యాండు సాధన సామిల్లు షెడ్డులో, రంపపు పొట్టు బస్తాల మధ్య. ఎవరింటి వేడుకకూ మమ్మల్ని పిలవరు. అందుకే బస్టాండు వెనక హాలువాళ్లు కబురు పెట్టినప్పుడు బావ ఆ రోజంతా కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. హాలు పద్ధతేమిటంటే, మూడు ఆదివారాలు పాడాలి. విన్నవాళ్లు చీటీ మీద పదికి ఇన్ని అని మార్కులు వేసి డబ్బాలో పడేస్తారు. మొదటి రెండుసార్లూ అలవాటు పడటానికి. మూడోసారి సగటు ఆరు దాటితే నెలకో ఆదివారం మాది. మాకంటూ ఒక చోటు.

మొదటి ఆదివారం నలభై చీటీలు వచ్చాయి. పద్దెనిమిది పదులు, పద్దెనిమిది ఒకట్లు, నాలుగు మూళ్లు. సగటు అయిదుంబావు. పదులు వేసినవాళ్లు వెనక వాక్యాలు కూడా రాశారు. ఒకావిడ "ఇంటికెళ్లి మా ఆయనతో తేల్చుకోవాల్సిన సంగతి గుర్తొచ్చింది, థాంక్స్" అని రాసింది. బావ దాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు.

కాలేజీ మానేసినా సగటు లెక్క నాకు వచ్చు. "బావా, ఒకట్లు వేసేవాళ్లను మెత్తబరిస్తే చాలు. గొంతు కాస్త దించు, దెబ్బ మీద అందుకో."

"దించితే పదులు పోవూ?"

"పది వేసేవాళ్లు ఎనిమిదైనా వేస్తారు. ఎక్కడికి పోతారు?"

డ్రమ్ములు వాయించే సెలూన్ ఆయన కర్రలు పక్కన పెట్టాడు. "ఒరే, మీ బావ గొంతుకు క్రాపు చేయమంటావా?"

"ఒక్కసారి చేసి చూద్దాం అన్నా. నచ్చకపోతే మళ్లీ పెరుగుతుందిగా."

బావ ఒప్పుకున్నాడు. నన్ను నమ్మాడు, అంతే.

రెండో ఆదివారం ఆయన చక్కగా, బుద్ధిగా పాడాడు. ఎవరూ లేచి నిలబడలేదు, ఎవరూ లేచి వెళ్లలేదు. మా అక్క చివరిదాకా కూర్చుంది. చీటీలు దాదాపు అన్నీ ఆరులూ ఏడులే, సగటు ఆరున్నర. హాలు మేనేజరు నాతో చేయి కలిపాడు. వెనక ఏమన్నా రాశారేమోనని బావ చీటీలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. అన్నీ ఖాళీ. ఒక్కదాని మీద మూడు మార్కులు, కింద "ఆయనకు ఒంట్లో బాగోలేదా?" అని ఉంది. బావ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడో ఆదివారం మొదటి పాట సవ్యంగానే నడిచింది. రెండో పాటలో దెబ్బ కంటే ముందు వచ్చేశాడు. పొరపాటేమో అనుకున్నాను. తర్వాతి చరణంలోనూ అంతే. తగ్గించమని కళ్లతో సైగ చేశాను. నన్ను చూశాడు, చూసి ఇంకా పెంచాడు. ముందు వరసలో ముగ్గురు లేచి తలుపు వైపు నడుస్తుంటే, వెనక ఓ పిల్ల బెంచీ ఎక్కి గంతులేస్తోంది. నాకు గిటారు విసిరికొట్టాలనిపించింది.

సగటు అయిదు పాయింటు ఒకటి.

మేనేజరు బావ వినేంత దగ్గరలోనే అన్నాడు. "బ్యాండు బాగుంది. పాడేవాణ్ణి మార్చుకోండి, ఆదివారం మీదే. రేపు పొద్దున్నకల్లా చెప్పాలి."

బావ వైర్లు చుడుతూనే ఉన్నాడు.

బస్‌స్టాపులో నేను ఆపుకోలేకపోయాను. "ఎందుకలా చేశావ్ బావా? ఇంకో ముప్పావుగంట ఓపిక పడితే అయిపోయేది కదా!"

"తర్వాత నెలనెలా ఓపిక పట్టాలి కదరా. మిల్లులో పట్టేది చాలదా?"

"మరి మా సంగతి?"

"వెళ్లండి. ఇంకెవణ్ణయినా పెట్టుకోండి. నేనేం అనుకోను." బస్సు వచ్చే వైపు చూస్తూ అడిగాడు. "ఒరే, ఇన్నాళ్లూ పక్కనున్నావు. నీకెప్పుడూ చీటీ ఇవ్వలేదు. ఇస్తే ఎంత వేస్తావ్?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. కానీ కొన్ని రోజులు ఆ గొంతుకు నా ఒళ్లు జలదరిస్తుంది. కొన్ని రోజులు తల పగిలిపోతుంది. "తెలీదు బావా" అన్నాను.

"తెలీదంటే ఆరన్నమాట" అని వచ్చిన బస్సు ఎక్కేశాడు. నా కోసం సీటు ఆపలేదు.

పొద్దున్నే మేనేజరుకు ఫోన్ చేసి మేం రావడం లేదన్నాను. "కారణం?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. సెలూన్ ఆయన నన్ను వెర్రివాణ్ణన్నాడు. పోనీ బావైనా సంతోషిస్తాడేమో అంటే, మూడు రోజులుగా అక్క ఫోన్ ఇచ్చినా అందుకోవడం లేదు. పనిలో ఉన్నానంటాడు.