పున్నమికి అడిగిన సెలవు

2024 మే నెలలో దుబాయ్ దగ్గర జెబెల్ అలీలో ఒక గోదాం కడుతున్న సైటుకు నేను సేఫ్టీ ఆఫీసర్‌ని. కోనసీమ నుంచి వెళ్లి గల్ఫ్‌లో ఇరవై రెండేళ్లు చేశాను. రిటైరవడానికి అప్పటికి ఇంకో ఏడాది ఉంది. ఎండదెబ్బకి మనిషి పడిపోకుండా చూడడమే ఆ ఉద్యోగంలో సగం పని. మధ్యాహ్నం ఎండలో పని ఆపాలన్న ప్రభుత్వ నియమం జూన్ పదిహేను నుంచే అమలవుతుంది. మేలో ఆ భారం మాదే. రంజాన్‌లో ఉపవాసమున్న వాళ్ల హెల్మెట్లకు ఆకుపచ్చ స్టిక్కర్ అంటించి నీడలో పని ఇప్పించడం నేను పెట్టిన పద్ధతే. దానికి మెప్పు కూడా కొట్టేశాను.

పరంజా కట్టే ముఠాలో తెన్‌జిన్ అనే టిబెటన్ ఉండేవాడు. నలభై దాటినవాడు. పుట్టింది కర్ణాటకలోని టిబెటన్ల కాలనీలో. టిబెట్‌ను కంటితో చూడలేదు. వాళ్లమ్మ మాత్రం అక్కడ ఉప్పు సరస్సు ఒడ్డున యాక్‌లు కాసిన మనిషి, ఆ సరస్సు చుట్టూ సాష్టాంగపడుతూ ప్రదక్షిణ చేసిందట. చలి లేదు గానీ, అమ్మ చెప్పిన చెట్టులేని నేల ఇలాగే ఉంటుందని ఎడారిని చూపించేవాడు. వేయించిన బార్లీ పిండిని వెన్న వేసిన ఉప్పు టీతో ముద్దచేసి డబ్బాలో తెచ్చుకునేవాడు.

ఒక సాయంత్రం నా క్యాబిన్‌కి వచ్చి మర్నాడు సెలవు కావాలన్నాడు. వైశాఖ పున్నమి, బుద్ధుడి రోజు, మొన్న చలికాలంలో పోయిన అమ్మ కోసం పూజ చేసుకోవాలన్నాడు. సెలవిచ్చేది ముదీర్, అంటే మా మేనేజరు. నేనొక మాట చెబితే కాదనడు. కానీ పరంజా పని అప్పటికే వెనకబడి ఉంది. లిస్టులో లేని పండక్కి సెలవేమిటయ్యా అని హిందీలో నవ్వేశాను. ఆ పూజ ఎలా చేస్తావని అడగలేదు.

మర్నాడు పొద్దున్న, పనికి ముందు అందర్నీ నిలబెట్టి జాగ్రత్తలు చెబుతుంటే, జగిత్యాల ఫోర్‌మన్ పోశెట్టి నా పక్కకి వచ్చాడు.

"సార్, తెన్‌జిన్ పొద్దుగాల సంది నోరిప్పుతలేడు. సెలవియ్యలేదని అలిగిండనుకుంట."

"అలగనీ. పైపులు బిగించడానికి నోటితో పనేముంది?" అన్నాను. మనవాళ్లు నవ్వారు.

ఒక్కొక్కర్నీ నీళ్లు తాగావా అని అడిగి ఫారంలో టిక్ పెట్టాలి. తెన్‌జిన్ చేతులు జోడించాడు. టిక్ పెట్టేశాను.

పదకొండున్నరకి రెండో అంతస్తు ఎత్తున సేఫ్టీ బెల్టుకి వేలాడుతూ కనిపించాడు. దించేసరికి చెమట చుక్క లేదు, ఒళ్లు కాలిపోతోంది. "పీలో భాయ్, థోడా పీలో" అని పోశెట్టి సీసా పట్టుకుని బతిమాలినా పెదవులు విప్పలేదు.

ఆస్పత్రిలో మరుసటి రోజు తెల్లవారాక మాట్లాడాడు. తిండి, నీళ్లు, మాట మూడూ మానేసే వ్రతమట. ఏటా వాళ్లమ్మ పట్టేదట. సెలవిస్తే గదిలో కూర్చునేవాణ్ని సార్ అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

అయినా ప్రమాదం రిపోర్టులో, ఉపవాసం సంగతి కార్మికుడు తెలియజేయలేదని రాశాను. ముందురోజు అతను సెలవడిగిన సంగతి వదిలేశాను. రిటైర్మెంటు ముందు నా రికార్డు మీద మచ్చ పడుతుందని భయం. ఆ వాక్యం పట్టుకుని కంపెనీ తప్పు అతనిదేనని తేల్చింది. కిడ్నీలు దెబ్బతిన్న మనిషి వీసా రద్దు చేసి పంపేసింది. ఎయిర్‌పోర్టు బస్సెక్కుతూ, తన వల్ల నాకు మాట వచ్చిందని క్షమించమన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడైనా వెళ్లి రిపోర్టు దిద్దలేదు.

తర్వాత పొద్దున్న టిక్ పెట్టే ఆ ఫారంలో, ఈ రోజు ఏదైనా వ్రతం ఉందా అన్న గడి చేర్పించాను. దానికీ మెచ్చుకున్నారు. సెలవడిగిన మనిషిని ఆ రోజు ఏం చేస్తావని అడగడం కూడా సేఫ్టీ ఆఫీసర్ పనేనని ఈ ఘటన నాకు నేర్పింది. తెన్‌జిన్ ముందురోజే వచ్చి సెలవడిగాడు. ఆ రిపోర్టులో ఈ ఒక్క వాక్యం ఇప్పటికీ లేదు.